గంటలమెట్టలో మూగది

తుపాకి మడమకున్న ఇత్తడి మూత ఎంతకీ ఊడి రాలేదు. నూకరత్నం రెండు చుక్కలు కిరసనాయిలు వదిలి, అది లోపలికి దిగేదాకా ఆగి, ఆకురాయి మొనతో మెల్లగా నెట్టింది. మూత టిక్కుమని తెరుచుకుంది. లోపల నూనె బుడ్డి, గొట్టం తుడిచే గుడ్డ పెట్టుకునే చిన్న గూడు. బుడ్డీ లేదు, గుడ్డా లేదు. మైనం గుడ్డలో చుట్టిన కాగితం ఒకటి వేలికి తగిలింది.

"బాబుగారూ, మీ తాతగారు ఇందులో ఏదో దాచారు" అంది.

గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చున్న జగ్గరాజు రెండంగల్లో కొలిమి దగ్గరికొచ్చాడు. ఆయన తాడిమెట్ట దివాణం వారసుడు. దివాణాలు రద్దయి అప్పటికి పదిహేనేళ్ళు. ఆయనకు మిగిలినవి ఒరిగిపోయిన సింహద్వారం, దానికి ఏమాత్రం తీసిపోని మీసం, తాతగారి ఈ తుపాకి.

కాగితం మీద బొమ్మ గీసి ఉంది. జోడుగెడ్డ, దాని పైన మెట్ట, మెట్ట నడుములో ఒక గుహ నోరు. కింద నాలుగే నాలుగు మాటలు: "ఏడు పలుకుతాయి. ఎనిమిదోది పలకదు. పలకనిదాని వెనక ఉన్నది. దానిపై దెబ్బ వేయవద్దు."

"గంటలమెట్ట!" అన్నాడు జగ్గరాజు. "మా నాయనమ్మ అన్నం పెడుతూ చెప్పేది. దివాణం మీద జప్తు వస్తుందని తెలిసి, మా తాత ఒక బిందె కొండెక్కించాడని. కథలే అనుకున్నాను. కానీ పలకడమేమిటి, పలకకపోవడమేమిటి?"

"రాళ్ళయి ఉంటాయి బాబూ. ఆ మెట్టకి గంటల పేరు ఊరికే రాలేదు. కొడితే మోగే రాతి స్తంభాలున్నాయని మా నాన్న చెప్పేవాడు."

"అయితే మాకు నీ చెవి కావాలి. నువ్వూ రావాలి. దారి చూపడానికి బోడన్న ఉన్నాడు." కాగితం జేబులో పెట్టుకున్నాడు. "ముందు దీని సంగతి చెప్పు. అడవిలో పనికొస్తుందా?"

నూకరత్నం తుపాకిని ఒళ్ళోకి తీసుకుంది. ఆమె తండ్రి సన్యాసాచారి పోయి ఆరు నెలలు. శృంగవరపుకోట చుట్టుపక్కల నలభై ఊళ్ళ తుపాకులు ఆయన చేతి మీదే బతికాయి. కొడుకులు లేరు కనుక కొలిమి తిత్తి ఊదిందీ, గొట్టాలకు నూనె పట్టించిందీ నూకరత్నమే. ఆయన పోయాక మాత్రం ఒక్క తుపాకీ గుమ్మం ఎక్కలేదు. ఆడపిల్ల మాట నమ్మి తుపాకి ఎవడు పేలుస్తాడు? ఇదే మొదటిది. ఈ తీర్పు తప్పితే ఈ కొలిమి చల్లారినట్టే.

తండ్రి చేసినట్టే చేసింది. చెక్క విప్పి, గొట్టాన్ని నూలు తాడుతో దూలానికి వేలాడదీసింది. చింతచెక్క సుత్తితో చిన్నగా తట్టింది. మంచి గొట్టం గుడిగంటలా మోగి, ఆ మోత సన్నగిల్లుతూ చాలాసేపు నిలుస్తుంది. చిన్నప్పుడు ఆ మోత ఆగేదాకా ఊపిరి బిగబట్టడం తండ్రీ కూతుళ్ళకు ఆట. "ఇంకా ఉందా అమ్మీ?" "ఉంది నాన్నా." "ఇంకా?" ఎప్పుడూ ఆమే గెలిచేది. ఆయనే కావాలని ఓడిపోయేవాడేమో అని ఇప్పుడనిపిస్తుంది.

ఈ గొట్టం మోగలేదు. పచ్చి కర్రను తట్టినట్టు "టప్" అంది.

కిటికీకి అడ్డంగా ఒక దారం కట్టి, గొట్టంలోంచి దాన్ని చూసింది. లోపలి గోడ మీద దారం నీడ తిన్నగా పారాలి. మొనకు జానెడు ఇవతల ఆ నీడ మెలిక తిరిగింది. పైన అక్కడే ఒక సొట్ట, సొట్ట వెనక వేలికి మాత్రమే తెలిసే ఉబ్బు. ఎప్పుడో మట్టి అడ్డుపడి ఉండగా పేల్చారు. ఆ ఉబ్బు మీద కిరసనాయిలు రాసి, తుడిచి, సుద్దపొడి చల్లింది. తెల్లటి పొడి మీద వెంట్రుకంత తడి గీత మెల్లగా తేలింది.

పగులు.

ఆ మాట నోటిదాకా వచ్చి ఆగింది. సన్యాసాచారి కొలిమిలో ఒక కట్టుబాటు ఉండేది. ఇనుము వింటుంది, దాని ముందు చెడ్డమాట అనకూడదు. పగిలింది, పాడైంది, చచ్చింది అనే మాటలు ఆ పాకలో ఏనాడూ వినబడలేదు. పనికిరాని గొట్టాన్ని ఆయన తాడు విప్పి, రెండు చేతులతో యజమానికి అందించి, ఒకే మాట అనేవాడు. నూకరత్నం కూడా అలాగే రెండు చేతులతో అందించి అలాగే అంది.

"బాబుగారూ, ఇది మూగది."

జగ్గరాజు మొహం విప్పారింది. "మూగదా! భలే! అడవికి అంతకంటే ఏం కావాలి?"

పెద్దింటివాళ్ళు నష్టాన్ని కూడా నవ్వుతూ తీసుకుంటారు కాబోలు అనుకుంది నూకరత్నం. తండ్రి మాటను తప్పకుండా అన్నందుకు ఆమెకు కళ్ళు చెమ్మగిల్లాయి. చెక్క మళ్ళీ బిగించి ఇచ్చింది.

*

మూడోనాడు తెల్లవారుతూనే ముగ్గురూ కొండ దారి పట్టారు. ముందు పాంగి బోడన్న. యాభై దాటిన కొండమనిషి, నడుముకు కత్తి, కుడికన్ను మూసుకుపోయి ఉంటుంది. వెనక నూకరత్నం, చింతచెక్క సుత్తి కొంగున దోపుకొని. ఆఖరున జగ్గరాజు, భుజాన తుపాకి. మీసంలాగే అదీ దర్జాకేననుకుంది నూకరత్నం.

"మావా, నీ కన్ను పోయింది ఎప్పుడు?" అంది నూకరత్నం. చిన్నప్పటినుంచి ఆయనను మావా అనే పిలుస్తుంది.

"నువ్వు పాలు తాగే గుంటవి అప్పుడు. రేగుముల్లు గుచ్చింది." బోడన్న తల తిప్పకుండా చెప్పాడు. "మీ నానకీ అదే సెప్పినాను. ఆయన ఎంత ఏడిసినాడో!"

అడవి అప్పటికింకా అడవిలాగే ఉండేది. ఇప్పపూల మత్తువాసన దారంతా పరుచుకుని ఉంది. అడ్డాకు తీగలు చెట్టుకూ చెట్టుకూ ఉయ్యాలలు కట్టాయి. ఎక్కడో కొండగొర్రె కూసింది. బోడన్న ప్రతి రాయినీ పేరుపెట్టి పలకరిస్తూ నడిచాడు. ఇక్కడ మీ నాన్నా నేనూ పనసపండు కోసుకు తిన్నాం, ఇక్కడ వానకి తడిసి ఒకే గొంగళి కప్పుకున్నాం అని చెబుతుంటే, ఆ అడవిలో తండ్రి ఎక్కడో ఒక మలుపు ముందే నడుస్తున్నట్టు ఉంది నూకరత్నానికి.

ఎండ నెత్తి మీదికొచ్చేసరికి జోడుగెడ్డ అడ్డమొచ్చింది. నడుముల్లోతు నీళ్ళు, సుడులు తిరుగుతున్న నురుగు.

"తీగ పట్టుకోండి! కాలు ఎత్తకండి, జరపండి!" అరిచాడు బోడన్న.

నడి గెడ్డలో జగ్గరాజు కాలు జారింది. తుపాకిని ఊతకర్రలా నీళ్ళలో పొడిచాడు. గొట్టం రెండు బండల మధ్య ఇరుక్కుని కిర్రుమంది. బోడన్న జగ్గరాజు చొక్కా పట్టి లాగాడు. నూకరత్నం ఆయన సంచి అందుకుంది. ఆ లాగులాటలో సంచిలో ఇత్తడికి ఇత్తడి తగిలిన చిన్న చప్పుడు వినబడింది. ఆమె చెవి దాన్ని పట్టుకుంది కానీ మనసు వదిలేసింది. ఏ గ్లాసో, మరచెంబో అనుకుంది.

ఒడ్డెక్కి తడిబట్టలు పిండుకుంటూ జగ్గరాజు నవ్వాడు. "ఏం బోడన్నా, రాజులు మునగరోయ్, తేలతారు."

"తేలినారు బాబూ, నా సెయ్యి మీద."

*

గుహ నోరు తీగల వెనక ఉంది. బోడన్న కత్తితో తీగలు నరికి, వెదురు కాగడా వెలిగించాడు. లోపలినుంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. దాంతోపాటు తడి జుట్టు లాంటి వాసన. బోడన్న ముక్కు ఎగబీల్చి, కాగడా ముందుకు చాచాడు.

ఇరవై అడుగులు వంగి నడిచాక పైకప్పు ఒక్కసారిగా లేచిపోయింది. ముగ్గురూ నోరు తెరిచి నిలబడ్డారు. నేలనుంచి పైకప్పుదాకా తెల్లటి సున్నపురాతి స్తంభాలు, కొన్ని మనిషంత లావు, కొన్ని చేతికర్రంత సన్నం. కాగడా వెలుగు వాటి మీద మంచులా మెరిసింది.

నూకరత్నం సుత్తి తీసి మొదటి స్తంభాన్ని తట్టింది.

ఖణ్... గుహ అంతా పలికింది. ఆ మోత ఒక మూల తాకి, మరో మూలకు వెళ్ళి, తిరిగి వచ్చింది. నూకరత్నం ఊపిరి బిగబట్టింది. ఇంకా ఉందా అమ్మీ? ఉంది నాన్నా.

"రెండోది కొట్టు!" జగ్గరాజు తొందరపెట్టాడు.

రెండు, మూడు, నాలుగు. ఒక్కోటి ఒక్కో గొంతు. ఏడోది పిల్లగొంతులా సన్నగా మోగింది. ఎనిమిదోది మూలన ఉంది, అన్నింటికంటే లావు. తట్టింది.

టప్.

కాగడా దగ్గరికి తెచ్చి చూశారు. స్తంభం చుట్టూ ఏటవాలుగా ఒక నెర్రె. దాని పైన పైకప్పు బండ, ఎడ్లబండి అంతది, దాని మీదే ఆనుకుని ఉంది. స్తంభం వెనక సందులో రాగి బిందె మెడ ఒకటి కనబడింది. కారిన సున్నం బిందెను సగం మింగేసి, గోడలో కలిపేసుకుంది. పగిలిన అంచులోంచి పసుపుపచ్చటి మెరుపు.

"తాతా!" అన్నాడు జగ్గరాజు, చిన్నపిల్లాడిలా. చెయ్యి దూర్చాడు. వేళ్ళు అందాయి, బిందె కదల్లేదు. "ఈ స్తంభం అడ్డు లేకపోతే..." తుపాకిని తిరగేసి మడమ పైకెత్తాడు.

"వద్దు బాబూ!" నూకరత్నం ఆయన చెయ్యి పట్టేసుకుంది. "మీ తాతగారు రాసింది ఇదే. దీని మీద దెబ్బ పడితే పైకప్పు మన మీదే."

అప్పుడు గుహ లోపలి కంతలోంచి గురగుర వినబడింది.

"ఎలుగు!" బోడన్న కాగడా అటు తిప్పాడు. "పిల్లల తల్లి! కదలకండి!"

నల్లటి ముద్ద ఒకటి కంతలోంచి బయటపడి, వెనక కాళ్ళ మీద లేచింది. రొమ్ము మీద తెల్లటి గుర్తు, వేలెడేసి గోళ్ళు. వాళ్ళకీ దానికీ మధ్య పది బారలు లేదు. గుహ నోరు కుడివైపు ఉంది. దానికి దారి, వీళ్ళకూ దారి, అదొక్కటే.

జగ్గరాజు సంచిలో చెయ్యి పెట్టాడు. ఇత్తడి ఇత్తడికి తగిలింది. ఈసారి నూకరత్నం చెవీ మనసూ రెండూ పట్టుకున్నాయి. తూటాలు!

"బాబుగారూ, ఏం చేస్తున్నారు!"

"భయపడకు." తూటా లోపల పడింది, తలుపు బిగిసింది. "మామూలు తుపాకయితే ఈ చప్పుడుకి పైకప్పు ఊడిపడేది. ఇది మూగది కదా. నువ్వే చెప్పావు, చప్పుడు చెయ్యదని!"

నూకరత్నం నెత్తిన బండ పడ్డట్టయింది. ఆ నవ్వు, ఆ భలే, అడవికి అంతకంటే ఏం కావాలన్న మాట, అన్నీ ఒక్క క్షణంలో అర్థమయ్యాయి. జగ్గరాజు చెంప తుపాకికి ఆనింది. ఎడమచెయ్యి సరిగ్గా ఆ ఉబ్బుకు ఇవతలే ఉంది.

ఆమె నోరు తెరిచింది. కొలిమి కట్టుబాటు గొంతులో అడ్డుపడింది. ఆమెకంటే ముందు బోడన్న అరుపు గుహను చీల్చింది.

"బాబూ! ఆచారి నాకూ ఆ మాటే సెప్పినాడు! నా కన్ను పోయింది ఆ మాటకే!"

"పగిలింది!" నూకరత్నం కేక పెట్టింది. జన్మలో మొదటిసారి ఇనుము వినేలా ఆ మాట అంది. "గొట్టం పగిలింది బాబూ! కాలిస్తే మీ చేతిలోనే పేలిపోతుంది! చచ్చిపోతారు! దించండి!"

జగ్గరాజు వేలు ఆగింది. ఎలుగు ఒక అడుగు ముందుకేసింది.

"గోడకి అంటుకోండి! దాని దారి వదలండి!" అని బోడన్న జగ్గరాజును పక్కకు లాగేశాడు.

నూకరత్నం సుత్తి ఎత్తి, మోగే మొదటి స్తంభాన్ని బలంకొద్దీ కొట్టింది. ఖణ్! రెండోదాన్ని, మూడోదాన్ని. మోత మీద మోత పడింది. బోడన్న కత్తి వెనకవైపుతో నాలుగోదాన్ని వాయించాడు. గుహంతా ఏడు గొంతులతో గోలపెట్టింది. ఎలుగు తల విదిలించుకుంది, చెవులు పట్టుకున్నట్టు ముందుకాళ్ళు మొహం మీద వేసుకుంది, ఒక్క బొబ్బ పెట్టి వాళ్ళ ముందునుంచే బయటికి దూకింది. వెనక రెండు నల్లటి బంతులు దొర్లుకుంటూ పోయాయి.

మోత ఆగలేదు. పైకప్పునుంచి సున్నం రాలడం మొదలైంది. మూలన ఎనిమిదో స్తంభం నెర్రెలోంచి పిడికెడు పొడి జారింది.

"బయటికి! బయటికి!"

జగ్గరాజు ఒక్కసారి వెనక్కి చూశాడు. బిందె మెడ మెరుస్తూనే ఉంది. నూకరత్నం ఆయన మొహం చూసి, ఆగుతాడేమో అనుకుంది. ఆయన బిందెకు ఒక నమస్కారం పెట్టి పరుగెత్తాడు.

*

గెడ్డ ఒడ్డుకు వచ్చేదాకా ముగ్గురూ పరుగు ఆపలేదు. నీళ్ళు తాగి, బండ మీద కూలబడ్డాక జగ్గరాజు అన్నాడు.

"నూకరత్నం, నిన్ను అనుమానించి కాదు. కానీ మా తాత దీనితో రెండు పులుల్ని కొట్టాడు. ఇది నిజంగా పేలిపోతుందో లేదో నాకు కళ్ళతో చూడాలని ఉంది."

నూకరత్నం కొంచెం ఆలోచించింది. "సరే. కానీ చేత్తో కాదు."

తుపాకిని రెండు బండల మధ్య బిగించి, మీటకు పొడుగాటి తీగ కట్టారు. ముప్పై బారల దూరంలో పెద్ద బండ చాటున ముగ్గురూ పడుకున్నారు. తీగ జగ్గరాజు చేతిలో పెట్టింది నూకరత్నం. ఆయన కళ్ళు మూసుకుని లాగాడు.

కొండ దద్దరిల్లింది. పక్షులన్నీ లేచిపోయాయి. ఇనుప ముక్క ఒకటి వాళ్ళ బండకు తగిలి జుయ్యిమని ఎగిరిపోయింది.

పొగ విడిపోయాక వెళ్ళి చూశారు. గొట్టం మొనకు జానెడు ఇవతల వెదురు చీలినట్టు నాలుగు పాయలై విచ్చుకుంది. కింద చెక్క ముక్కలైంది. జగ్గరాజు తన ఎడమ అరచేతిని తెరిచి చాలాసేపు చూసుకున్నాడు.

"మావా" అంది నూకరత్నం. "ముల్లు అన్నావు కదా?"

బోడన్న గెడ్డలోకి గులకరాయి విసిరాడు. "ఏటి సెప్పను అమ్మీ. నా నాటు తుపాకి సూసి మూగదిరా బోడా అన్నాడు. నానూ ఈ బాబులాగే సంబరపడ్డాను. కణితి దుప్పికి వినపడదు, మంచిదేలే అని. మర్నాడే పేలింది. మీ నాన పరిగెత్తుకొచ్చినాడు. సంగతి సెబితే ఆ మడిసి కొలిమి ఆర్పేసును. ఇంక సుత్తి ముట్టడు. అందుకే ముల్లు అన్నాను."

"ఇరవై ఏళ్ళు దాచావా?"

"మీ నాన మాట మంచిదే. నా సెవే సెడ్డది."

"కాదు మావా." నూకరత్నం కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మంచి మాట అని మేం అనుకున్నాం. వినేవాళ్ళకి ఏం వినబడుతుందో ఎప్పుడూ అడగలేదు."

గెడ్డ పారుతూనే ఉంది. కాసేపటికి జగ్గరాజు జేబులోంచి తాతగారి కాగితం తీసి, చీలిన గొట్టంలోకి దూర్చి, నూకరత్నం చేతిలో పెట్టాడు.

"ఇది నీ పాకలో ఉండనీ. నా దగ్గరుంటే ఏదో ఒకరోజు మళ్ళీ కొండెక్కాలనిపిస్తుంది."

*

ఆయన మళ్ళీ కొండెక్కలేదు. సంతలో ఎవరు దొరికినా ఎడమచెయ్యి చాచి, "ఇది నాకు మా అమ్మ ఒకసారి ఇచ్చింది, ఆచారిగారి అమ్మాయి రెండోసారి ఇచ్చింది" అని చెప్పేవాడు. అది విని ఒక్కో తుపాకీ మెల్లగా ఆ గుమ్మం ఎక్కింది. చీలిన గొట్టం దూలానికి వేలాడుతూ ఉండేది. ఎవరైనా తీర్పు మీద పేచీ పెడితే నూకరత్నం మాట్లాడకుండా దాన్ని చూపించేది.

ఆ వీధిలో ఇప్పుడు కొలిమి లేదు. తిత్తి చప్పుడూ లేదు, నూలుతాడు మీద మోగే గొట్టాలూ లేవు. కానీ ఆనాటి వాళ్ళకు ఇంకా గుర్తున్న సంగతి ఒకటుంది.

గుహనుంచి వచ్చిన తర్వాత, మొదటి వానలకు ముందు, బోడన్న కొండ దిగి వచ్చాడు. గొంగళిలో చుట్టిన కొత్త నాటు తుపాకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. నూకరత్నం గొట్టం విప్పి దూలానికి వేలాడదీసింది. దారం కట్టి చూసింది. సుద్దపొడి చల్లి చూసింది. చివరికి చింతచెక్క సుత్తితో తట్టింది. మోత లేచి, పాకంతా నిండి, సన్నగా సన్నగా సాగింది. బోడన్న ఒంటికన్ను మూసుకుని విన్నాడు.

నూకరత్నం తాడు విప్పింది. గొట్టాన్ని రెండు చేతులతో అందించింది. "పలుకుతోంది మావా."

బోడన్న చేతులు చాచలేదు. "అలా కాదమ్మీ. తిన్నగా సెప్పు."

ఆమె తండ్రి కూర్చునే పీట వైపు ఒక్కసారి చూసింది. తర్వాత ఇనుము కూడా వినేలా, గట్టిగా చెప్పింది.

"ఎక్కడా పగల్లేదు. బాగుంది. కాల్చుకో."

అప్పుడు బోడన్న చేతులు చాచాడు.